ముందు స్టాండు, ఆ తర్వాతే చేపలు

పెద్ద అక్వేరియం పెట్టుకోవాలని సరదా పడేవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ చేపలు బాగుంటాయని. తర్వాత లైటు గురించి, వెనక అతికించే నీలం షీటు గురించి అడుగుతారు. స్టాండు సంగతి ఎవరూ ఎత్తరు. నేనే ఎత్తితే, "అది షాపువాళ్లే ఇస్తారు కదండీ" అంటారు. నా వాదన ఇక్కడే మొదలవుతుంది. పెద్ద ట్యాంకు పెట్టేవాళ్లు డబ్బులో పెద్ద వాటా గాజుకి దిగువన ఉండేవాటి మీద ఖర్చు పెట్టాలి. స్టాండు, దానిలోపల సంపు (నీళ్లు వడకట్టే తొట్టె), పైపులు, కరెంటు ఏర్పాటు, చెయ్యి దూరే ఖాళీ, ఇవన్నీ గట్టిగా కుదిరాకే చేపల షాపుకి వెళ్లాలి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఉంటూ, అక్టోబరు వస్తే వాతావరణ వార్తలు వదలకుండా చూసే మనలాంటి వాళ్లకి ఇది మరీ అవసరం.

ముందు బరువు లెక్క చూద్దాం. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ట్యాంకంటే 24 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28 లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. పైన రెండంగుళాలు ఖాళీ వదిలినా 620 లీటర్లు, అంటే 620 కిలోలు. 12 మి.మీ. గాజుతో కడితే ఖాళీ ట్యాంకే 120 కిలోల దాకా తూగుతుంది. ఇసుక, రాళ్లు, సంపులో నీళ్లు, స్టాండు సొంత బరువు కలిపితే టన్నుకి దగ్గరగా వస్తుంది. మంచం మీద పదిమంది కూర్చున్నా కాసేపటికి లేచి వెళ్లిపోతారు. ఈ బరువు మాత్రం పగలూ రాత్రీ, ఏళ్ల తరబడి, ఒకే చోట నిలబడే ఉంటుంది.

మా ఇంట్లో ట్యాంకు కొలతలు సరిగ్గా ఇవే. దానితోపాటు షాపువాళ్లు ఇచ్చిన స్టాండు చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ముదురు గోధుమరంగు లామినేట్, రెండు తలుపులు, మెరిసే హ్యాండిళ్లు. లామినేట్ వెనక ఉన్నది మాత్రం పార్టికల్ బోర్డు. చెక్క పొట్టుని జిగురుతో నొక్కి చేసే పలక అది. పుస్తకాలు పెట్టుకునే అలమరకి దాంతో ఇబ్బంది లేదు. నీళ్లతో పని ఉన్నచోట వాడకూడదు. అక్వేరియం ఉన్న ఇంట్లో నాలుగు చుక్కలు కింద పడకుండా ఏ వారమూ గడవదు. పైపు విప్పితే కారుతుంది, తడిచెయ్యి బయటికి తీస్తే కారుతుంది, మూత ఎత్తితే దాని అంచు నుంచి కారుతుంది. ఆ చుక్కలు పలక అంచుల్లోంచి, స్క్రూ రంధ్రాల్లోంచి లోపలికి పోతాయి. పార్టికల్ బోర్డు ఒకసారి ఉబ్బిందంటే ఆరినా మళ్లీ మామూలుకి రాదు. లోపలి పట్టు పోయి, మీద బరువుంటే మెల్లగా నలిగిపోతుంది.

మా స్టాండు వెనక ఎడమ మూల అలాగే ముందు ఉబ్బింది, తర్వాత అణిగింది. పై పలక మట్టం తప్పింది. గాజు వంగదు. నాలుగు మూలలూ ఒకే మట్టంలో లేకపోతే ఆ తేడా భారం సిలికాన్ అతుకుల మీద పడుతుంది. అడుగు అతుకు వెంట తెల్లటి చార కనిపించింది. నీరు సన్నగా ఊరి, ఆరి, అందులోని సున్నం మిగిలితే వచ్చే గుర్తు అది. అది కనిపించిందంటే ట్యాంకు కారడం మొదలైందని అర్థం. షాపువాళ్లని అడిగితే ట్యాంకు పాతబడింది, కొత్తది తీసుకోమన్నారు. నేను ఒప్పుకోలేదు. గీతలు, పెచ్చులు లేని గాజుకి వయసుతో పనిలేదు. పాతబడేది సిలికాన్. చెడిపోయింది స్టాండు. బాగున్న గాజుని పారేసి, మళ్లీ అలాంటి స్టాండు మీదే ఇంకో ట్యాంకు పెట్టమనడం ఏ రకంగా సబబో నాకు అర్థం కాలేదు. అందుకే మొత్తం విప్పి మళ్లీ కట్టాలని నిర్ణయించుకున్నాను.

ఎక్కడ పెట్టాలన్నది మొదటి ప్రశ్న. మాది కింద అంతస్తు, గచ్చు నేల మీదే ఉంటుంది, కాబట్టి బెంగలేదు. మేడ మీద పెట్టేవాళ్లు మాత్రం ఇంజినీరుని అడగకుండా ముందుకి వెళ్లొద్దు. ఇళ్ల శ్లాబులకి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 తీసుకునే వాడకపు బరువు, అంటే మనుషులు, సామాన్ల బరువు, చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు. ఆరడుగుల ట్యాంకు ఆక్రమించే జాగా ఒక చదరపు మీటరు కన్నా కొంచెమే ఎక్కువ. శ్లాబు వెంటనే కూలిపోతుందని చెప్పడం లేదు, బీము ఎక్కడుందో తెలుసుకోకుండా గది మధ్యలో పెట్టడం తప్పని చెబుతున్నాను.

మా ఇంట్లో దీన్ని పాతచోట, అంటే హాలు మూలకి ఆనించి మళ్లీ పెట్టలేదు. కారణం సంపు. సంపు అంటే స్టాండులోపల ఉండే రెండో గాజు తొట్టె. పై ట్యాంకు నీళ్లు పొర్లి దానిలోకి దిగుతాయి, అక్కడ వడకట్టుకుని, మోటారు ద్వారా మళ్లీ పైకి వెళ్తాయి. మేం కట్టిన సంపు 36 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు. స్టాండు లోపల దాన్ని పెట్టాక పైన ట్యాంకు ఎక్కిస్తే, తర్వాత ఎప్పుడైనా అది పగిలితే ఎలా తీస్తారు? ముందువైపు మధ్య కాలు అడ్డొస్తుంది. మధ్య కాలు తీసేయడం కుదరదు, ఆరడుగుల దూరంలో పైదూలం మధ్యలో కుంగుతుంది. కాబట్టి సంపు పక్కనుంచే బయటికి రావాలి. అలా రావాలంటే స్టాండు పక్కన మూడడుగుల పైన ఖాళీ ఉండాలి. గోడల మూలన అది దొరకదు. ఇంటీరియర్ డిజైనర్లు గీసే బొమ్మల్లో ఈ ఖాళీ నాకెప్పుడూ కనపడలేదు. ట్యాంకుని రెండు గోడల మధ్య సరిగ్గా ఇరికించి, పైనా కిందా చెక్కతో మూసేస్తారు. ఫొటోలో బాగుంటుంది. అందులో మోటారు ఆగిపోయిన రోజు ఆ ఇంటివాళ్లు ఏం చేస్తారన్నది ఆ బొమ్మలో ఉండదు.

ఫ్రేముకి ఇనుమే వాడాం. 40 మి.మీ. చదరపు పైపు, ఆరు కాళ్లు, ప్రతి కాలూ పైదూలానికి నేరుగా కింద. బరువు కాలి మీదుగా నిటారుగా నేలకి దిగాలి, వెల్డింగు అతుకు మీద వేలాడకూడదు. వెల్డింగు చేసినాయనకి ఈ సంగతి నేను చెప్పాల్సిన పని పడలేదు, నీళ్ల ట్యాంకు స్టాండులు కట్టిన అనుభవం ఆయనది. పైపు చివరలు తెరిచి ఉంచకుండా మూత వేసి వెల్డు చేయించాం, లోపలికి తేమ పోతే లోపలినుంచే తుప్పు తింటుంది. ముందు గరుకు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడు వేసి, దాని మీద ఎపాక్సీ పెయింటు వేశాం. సముద్రానికి దగ్గరగా, భీమిలి వైపో కళింగపట్నం వైపో ఉండేవాళ్లకి ఈ పెయింటు విషయంలో పొదుపు పనికిరాదు, ఉప్పుగాలి ఇనుముని తొందరగా తినేస్తుంది.

చెక్క సంగతి ఇంకా ఓపిగ్గా చెప్పాలి, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. ప్లైవుడ్ షాపులో "వాటర్‌ప్రూఫ్" అన్న మాట ప్రతి షీటుకీ వాడతారు. ఆ మాట వదిలేసి షీటు మీద ముద్ర చూడాలి. ఎంఆర్ అని ఉంటే అది గాల్లో తేమని తట్టుకునే రకం, అంతే. తడి తగిలే చోట కావాల్సింది బీడబ్ల్యూపీ రకం, ఐఎస్ 710 అని ఐఎస్ఐ గుర్తుతో ముద్ర ఉండాలి. మెరైన్ ప్లై అనేది దీన్నే. మరుగుతున్న నీళ్లలో గంటల తరబడి ఉడికించినా పొరలు విడిపోకూడదన్నది దానికి పెట్టే పరీక్ష. అయితే ఏ ప్లైవుడ్‌కైనా బలహీనమైన చోటు కోసిన అంచే. కోసిన ప్రతి అంచుకీ, డ్రిల్లు చేసిన ప్రతి రంధ్రానికీ ఎపాక్సీ పట్టించాలి. ఎడ్జ్ బ్యాండ్ పైన అతికించేస్తే చాలంటారు కొందరు వడ్రంగులు. అది అందానికి, ఎపాక్సీ రక్షణకి. రెండూ కావాలి.

మా వడ్రంగి బొబ్బిలి వైపు మనిషి. పనస కర్రతో చేద్దామా అని ముందు ఆయనే అడిగాడు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు, ఆ కర్ర మీద అక్కడివాళ్లకి ఉండే అభిమానం నాకు తెలుసు. కానీ మా స్టాండులో బరువు మోసేది ఇనుమే. చెక్క పని కప్పి ఉంచడం మాత్రమే. అందుకే మంచి కర్ర దీనికి ఎందుకని ప్లైవుడ్డే తీసుకున్నాం. ఆయన గీసిన మొదటి బొమ్మలో ముందు రెండు తలుపులు, పక్కలు రెండూ మూసేసి ఉన్నాయి. పక్క మొత్తం తెరుచుకోవాలని అడిగాను.

"పక్కన తలుపెవరైనా పెడతారేటండి మాస్టారూ? అందం పోద్ది."

"అందం ముందువైపు చూపిద్దాం బాబూ. పక్కనుంచి మాత్రం లోపలి తొట్టె మొత్తం బయటికి వచ్చెయ్యాలి."

కాసేపు ఫ్రేము చుట్టూ తిరిగి, "అయితే తలుపొద్దండి. పలకని అయస్కాంతాల మీద నిలబెట్టీద్దాం. ఎత్తితే వచ్చీస్తాది, పెడితే గోడలాగుంటాది" అన్నాడు.

ఈ ఆలోచన నాకు రాలేదు. పక్క పలకకే పరిమితం చెయ్యకుండా ముందువైపు కూడా అదే పద్ధతి పెట్టించాను. బందులు లేవు, తలుపు తెరిస్తే అడ్డం వచ్చే రెక్క లేదు. పలకలన్నీ తీసేస్తే ఇనప ఫ్రేము, సంపు, పైపులు మొత్తం ఎదురుగా ఉంటాయి. మా ఆవిడకి మొదట్లో ఇనుము మాట నచ్చలేదు, హాలు గోడౌనులా కనిపిస్తుందని. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది, రోజంతా ఆ హాల్లో కూర్చునేవాళ్లకి అది ఇల్లులాగే ఉండాలి. అయస్కాంతం పలకలు ఆ పేచీని తీర్చేశాయి.

స్టాండు వెనకవైపు మూయలేదు. మూసిన కేబినెట్‌లో సంపు పెడితే ఆవిరి ఎక్కడికీ పోదు, వర్షాకాలంలో పలకల లోపలివైపు నీటి చుక్కలు పడతాయి, ప్లగ్గుల కాళ్లు ఆకుపచ్చగా మారతాయి. వెనక పూర్తిగా ఖాళీ వదిలి, గోడకీ స్టాండుకీ మధ్య చెయ్యి దూరేంత ఎడం ఉంచాం. ట్యాంకు ఎక్కించేముందు ఫ్రేముని రసమట్టంతో చూశాం, ఆ పైన తాపీమేస్త్రి తన నీళ్ల గొట్టంతో నాలుగు మూలలూ మళ్లీ చూసి, కాళ్ల కింద పలుచటి రేకులు పెట్టి సరిచేశాడు. ఫ్రేము మీద ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్ షీటు, దాని మీద గాజు. సన్నటి ఇసుకరేణువు ఒక్కటి గాజు కింద ఉండిపోయినా బరువంతా దాని మీద గుచ్చుకుంటుంది. థర్మాకోల్ పెట్టేది దీని కోసమే.

గాజు గురించి చెప్పాల్సింది తక్కువ. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ అతకదు. పైపైన పూత వేసి కారడం ఆపుతామనేవాళ్ల మాట నమ్మొద్దు. అద్దాలన్నీ విడదీసి, బ్లేడుతో పాతది పూర్తిగా గీకి, ఎసిటోన్‌తో తుడిచి, కొత్తగా అతికించాలి. బాత్‌రూముల కోసం అమ్మే బూజుపట్టని సిలికాన్‌లో బూజుని చంపే మందు ఉంటుంది, అది చేపలకి విషం. అతికించాక వారం పైనే ఆరనిచ్చి, వరండాలో నిండా నీళ్లు పోసి కొన్నాళ్లు చూసి, అప్పుడే లోపలికి తెచ్చాం.

ఈ సందర్భంలో ట్యాంకు ఎత్తు పెంచమని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. మూడడుగుల ఎత్తుంటే హాల్లో నిండుగా కనిపిస్తుందని. దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. గాజు మీద నీటి ఒత్తిడి ఎత్తుని బట్టి ఉంటుంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల లోతు నీళ్లకి ముందు అద్దాన్ని తోసే బలం సుమారు 340 కిలోల బరువుకి సమానం. లోతు రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. దానికి తగ్గట్టు గాజు మందం, ధర, పగిలితే జరిగే నష్టం పెరుగుతాయి. పైగా చెయ్యి అడుగుదాకా అందదు. అందని చోట మురికి పేరుకుంటుంది, పేరుకున్నది కుళ్లుతుంది. ఎత్తు పెరిగినంత మాత్రాన చేపలకి గాలీ ఎక్కువ దొరకదు, ప్రాణవాయువు కలిసేది నీటి పైముఖం నుంచే. ఖర్చు పెట్టే స్తోమత ఉంటే వెడల్పు పెంచండి.

ఇక కరెంటు. నేను రాస్తున్నదానికి మూలం ఇదే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. విజయనగరంలో కూడా రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. అక్కడి ఊళ్లు ఎంత కాలం చీకట్లో ఉన్నాయో ఆ ప్రాంతంలో చుట్టాలున్న వాళ్లందరికీ తెలుసు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. మన దగ్గర పెద్ద ట్యాంకు కట్టేవాళ్లు ఈ తేదీలు ఎదురుగా పెట్టుకుని కట్టాలి. తుఫాను ఎప్పుడో ఒకసారి కదా అనుకోవడానికి లేదు, ట్యాంకు ఆయుష్షు పదేళ్లు అనుకుంటే ఆ పదేళ్లలో ఒకటి రెండు తప్పవు.

కరెంటు పోయిన వెంటనే జరిగేది ఒకటుంది. మోటారు ఆగుతుంది, పై ట్యాంకు నీళ్లు, మోటారు పైకి పంపే తిరుగు పైపులోంచే వెనక్కి సంపులోకి దిగడం మొదలవుతుంది. పైపు మూతి నీటి మట్టానికి ఎంత కింద ఉంటే అంత నీళ్లూ దిగేదాకా ఆగదు. ఆరడుగులు రెండడుగుల ట్యాంకులో ఒక్క అంగుళం నీళ్లంటే సరిగ్గా ఒక ఘనపుటడుగు, 28 లీటర్లు. పైపు మూతి రెండంగుళాల కింద ఉందంటే 56 లీటర్లు కిందికి వస్తాయి. పైపుల్లో, పై నీళ్లు పొర్లి దిగే పెట్టెలో ఉన్నది దానికి అదనం. సంపులో అంత ఖాళీ లేకపోతే ఆ నీళ్లు హాల్లోకి వస్తాయి, అదీ చీకట్లో, ప్లగ్గుల మీదుగా. దీన్ని ఆపడానికి నీళ్లని వెనక్కి రానివ్వని నాన్‌రిటర్న్ వాల్వు పెట్టమంటారు, గాలి చొరబడి ధార తెగేలా పైపుకి నీటి మట్టం దగ్గర చిన్న రంధ్రం చెయ్యమంటారు. రెండూ మంచివే. కానీ వాల్వులో చెత్త ఇరుక్కుంటుంది, రంధ్రానికి నాచు పడుతుంది. సంపులో వదిలిన ఖాళీకి అలాంటిదేమీ జరగదు. మా సంపు పట్టేది 170 లీటర్లు, మోటారు తిరిగేటప్పుడు అందులో సగమే ఉంటుంది. మిగతా సగం దండగ జాగా అని ఒక బంధువు అన్నాడు. ఇంటి నేలని కాపాడేది ఆ సగమే.

ప్లగ్ బోర్డుని సంపు కన్నా ఎత్తులో, పక్క కాలికి బిగించాం. ప్రతి వైరూ ప్లగ్గు దగ్గరికి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్తుంది. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. కరెంటు లీకైతే లైనుని దానంతటదే ఆపేసే స్విచ్చు, 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర పడిపోయే ఆర్‌సీసీబీ ఒకటి ప్రత్యేకంగా ఈ లైనుకే పెట్టించాం. నీళ్లలో చెయ్యి పెట్టే ఇంట్లో ఇది లేకుండా మోటారు ఆన్ చెయ్యకూడదని నా అభిప్రాయం, ఇందులో రాజీ లేదు.

తర్వాత ఇన్వర్టరు. చాలామంది పెద్ద మోటారుని ఇన్వర్టరు మీద పెట్టి నిశ్చింతగా ఉంటారు. తుఫాను రాత్రి ఇంట్లో ఫ్యాన్లు, ఫోన్లు, లైట్లూ దాని మీదే ఉంటాయి, తెల్లారేసరికి బ్యాటరీ అయిపోతుంది. కరెంటు లేనప్పుడు చేపలకి కావాల్సింది గాలి. నీళ్లు వెచ్చగా ఉంటే అందులో కలిసే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా పట్టుకుంటాయి, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకి పడిపోతుంది. మన నీళ్లు ఏడాదిలో సగం రోజులు ఆ వేడిలోనే ఉంటాయి. అందుకే మా ఇంట్లో ఇన్వర్టరు మీద చిన్న ఎయిర్ పంపు ఒక్కటే ఉంది, ఐదు వాట్లది. దానికి తగిలించిన స్పాంజి ఫిల్టరు ఎప్పుడూ ట్యాంకులో ఓ మూల తిరుగుతూనే ఉంటుంది. ఇన్వర్టరూ అయిపోతే టార్చి సెల్స్‌తో నడిచే ఎయిర్ పంపు ఇంకొకటి. అదీ లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి మళ్లీ పొయ్యడం, అది పనిచేస్తుంది. ఇవన్నీ పెట్టుకోవడానికి స్టాండులో ఒక అర ప్రత్యేకంగా కట్టించాం.

వీటన్నిటి కన్నా పెద్ద రక్షణ చేపలు తక్కువగా ఉంచడం. 600 లీటర్లలో ఇరవై చిన్న చేపలుంటే కరెంటు పోయినా రాత్రి గడిచిపోతుంది. అదే నీళ్లలో అరడుగు పొడవున్నవి ఇరవై ఉంటే కొన్ని గంటల్లోనే నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ట్యాంకు నిండుగా కనిపించాలన్న కోరికే మన ఊళ్లలో చేపల్ని ఎక్కువగా చంపుతోందని నేను నమ్ముతున్నాను.

కట్టుబడి జరిగినన్నాళ్లూ మా చేపలు పెరట్లో రేకుల నీడన, పెద్ద నీలం డ్రమ్ముల్లో ఉన్నాయి. డ్రమ్ముల్లో చేపల కన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సింది పాత ఫిల్టరు స్పాంజిల్ని. చేప వదిలే అమ్మోనియాని ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైటుగా, ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకి విషం, మూడోది చాలావరకు తట్టుకోగలవు. ఈ సూక్ష్మజీవులు నీళ్లలో తేలుతూ ఉండేవి తక్కువ, స్పాంజికీ రాళ్లకీ అంటుకుని ఉండేవే ఎక్కువ. పాత నీళ్లు దాచినా లాభం లేదు, పాత స్పాంజి ఆరకుండా, గాలి తగిలేలా ఉంచాలి. కొత్త ఫిల్టరులో అవి పూర్తిగా స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కుళాయి కింద పెట్టి స్పాంజి కడిగితే క్లోరిన్‌కి చచ్చిపోతాయి. డ్రమ్ములో తీసిన నీళ్లతోనే పిండాలి.

ఇక్కడ మన ఇళ్లలో ఉన్న ఒక నమ్మకం గురించి చెప్పాలి. అక్వేరియంలో చేప చచ్చిపోతే ఇంటికి రావాల్సిన కీడు అది తీసుకుపోయిందంటారు. దిష్టి తగిలిందంటారు. తొమ్మిది చేపలుండాలి, అందులో ఒకటి నల్లది ఉండాలంటారు. పెద్దవాళ్ల నమ్మకాల మీద నాకు అగౌరవం లేదు, సిరిమానోత్సవానికి పైడితల్లి అమ్మవారి దర్శనం చేసుకునే ఇల్లే మాది. కానీ ఈ మాట వల్ల జరిగే నష్టం కళ్లారా చూశాను. చేప ఎందుకు చచ్చిందని ఎవరూ చూడరు. ఇంకోటి తెచ్చి వేస్తారు, అదీ పోతుంది. అమ్మోనియా పరీక్ష చేసే చిన్న కిట్టు దొరుకుతుంది, రెండు నిమిషాల పని. నీటి పీహెచ్ ఏడు దగ్గర ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపు రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఎనిమిదికి చేరితే, 25 డిగ్రీల దగ్గరే, అది ఐదు వంతులు దాటుతుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో పీహెచ్ ఎనిమిది దగ్గర ఉండటం వింతేమీ కాదు. ఒకే సంఖ్యలో ఒకే చేపలు ఒక ఇంట్లో బతికి, పక్కింట్లో చచ్చిపోవడానికి ఇలాంటి కారణాలుంటాయి. ఆ చేప మన కీడుని మోసిందని చెప్పి దాని చావుకి కారణం వెతక్కపోవడం దానికి చేసే అన్యాయం.

ఇంత శ్రమ దేనికి, చిన్న గాజు బౌలు పెట్టుకుంటే పోలేదా అని నన్ను అడుగుతారు. చిన్న బౌల్లో నీళ్లు గంటల్లో వేడెక్కుతాయి, ఒక్క పూట మేత ఎక్కువైతే పాడవుతాయి. నీళ్లు ఎక్కువ ఉంటే ఏ మార్పైనా నెమ్మదిగా వస్తుంది, సరిచేసుకోవడానికి మనకి టైము దొరుకుతుంది. పెద్ద ట్యాంకు ఖర్చులో కష్టం, పెంపకంలో సులువు. రెండింటికీ స్తోమత లేకపోతే పెట్టుకోకపోవడమే మంచిది. గోల్డ్‌ఫిష్‌ని బౌల్లో పెట్టి పిల్లలకి బహుమతిగా ఇవ్వడం మానేస్తే బాగుంటుంది. చల్లటి నీళ్లు కోరుకునే చేప అది, మన మే నెలలో బౌల్లో అది పడే అవస్థ పిల్లలకి తెలియదు, మనకి తెలియాలి.

ఏ చేపలు అన్న ప్రశ్నకి ఇప్పుడు వస్తాను. మన చేపలే తీసుకోండి అంటాను. చేపతో మన జిల్లాల అనుబంధం చిన్నది కాదు. పొందూరులో ఇప్పటికీ పత్తిని శుభ్రం చెయ్యడానికి వాలుగ చేప దవడ వాడతారు, ఆ సన్నటి పళ్ల వరస చేసే పని యంత్రం చెయ్యలేదని అక్కడి వడుకువాళ్లు చెబుతారు. వాలుగ మీటరు పైన పెరిగే వేట చేప, ఇంట్లో పెట్టేది కాదు. కానీ మన చెరువుల పరిగెల జాతికి చెందిన బార్బులు, చారల డేనియోలు ఈ వేడికీ ఈ నీళ్లకీ అలవాటుపడ్డవి, గుంపుగా తిరిగితే చూడముచ్చటగా ఉంటాయి. పెంపకం కేంద్రాల్లో పుట్టినవే కొనండి. అరోవానా అదృష్టమంటారు, అది రెండడుగులు దాటుతుంది, రెండడుగుల వెడల్పు ట్యాంకులో దానికి సరిగ్గా వెనక్కి తిరిగే చోటు కూడా ఉండదు.

గాజుకి అతుక్కుని నాచు తింటుందని షాపుల్లో అమ్మే నల్ల సక్కర్ చేప విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. కొన్నప్పుడు వేలెడుంటుంది, అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక జాలిపడి చెరువులో వదిలేస్తారు. అలా వదిలినవే మన రాష్ట్రంలో చెరువులు, కాలువల్లో పెరిగి, ముళ్లతో వలలు చింపుతూ, జాలర్ల పొట్ట కొడుతున్నాయి. పెద్ద చెరువులోనో నాగావళిలోనో అక్వేరియం చేపని వదలడం పుణ్యం కాదు. వద్దనుకుంటే షాపుకి తిరిగివ్వండి, పెంచగలిగినవాళ్లకి ఇవ్వండి. అందుకే మా కొత్త ట్యాంకులో ఆ చేప లేదు. నాచు నేను చేత్తో గీకుతాను, చెయ్యి అడుగుదాకా అందుతుంది.

ట్యాంకు ఇప్పుడు నడుస్తోంది. మార్చిన నీళ్లు పెరట్లో అరటి మొక్కలకి పోతున్నాయి, అందులోని నైట్రేటు వాటికి ఎరువే. స్టాండు పక్క పలక లోపలివైపు ఒక కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి అతికించాను. నేను ఊళ్లో లేనప్పుడు కరెంటు పోతే మా ఆవిడ గానీ, పక్కింటి అబ్బాయి గానీ చదువుకుని చెయ్యగలిగేలా రాశాను: మోటారు ప్లగ్గు తీసెయ్యండి. ఎయిర్ పంపు తిరుగుతోందో లేదో బుడగలు చూడండి. మేత వెయ్యొద్దు, ఎదిగిన చేపలు వారం రోజులు తినకపోయినా బతుకుతాయి. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే మగ్గుతో నీళ్లు ఎత్తి పొయ్యండి. కరెంటు చాలా గంటల తర్వాత వస్తే మోటారు వెంటనే వెయ్యొద్దు, ముందు సంపులో స్పాంజిల దగ్గర నీళ్లు వాసన చూడండి, కుళ్లు వాసనొస్తే ఆ నీళ్లు తోడేసి, స్పాంజిలు ట్యాంకు నీళ్లలో పిండి, అప్పుడు వెయ్యండి.